జర్మనీ కోడలు రష్యాను ముంచిందా?

అమ్మా, మీ ప్రశ్న చదివాను. పీటర్స్‌బర్గ్‌లో మెడిసిన్ చదువుతున్నానని, సెలవు రోజున స్నేహితులతో త్సార్‌స్కొయె సెలొ ప్యాలెస్‌లు చూడటానికి వెళ్లానని రాశారు. ఒకచోట ఎవరో చివరి రాణి అలెక్సాండ్రా గురించి చెబుతూ "ఆ జర్మన్ మనిషి అడుగుపెట్టింది, దేశం మునిగింది" అన్నారు. అదే రోజు ఇంకోచోట కేథరిన్ అంత గొప్ప పాలకురాలు లేదని విన్నారు. ఇద్దరూ జర్మన్లే కదా, ఒకరు దేవత, ఒకరు శని ఎలా అయ్యారు అన్నది మీ సందేహం.

నేను 1980లలో మీరున్న ఊళ్లోనే చదువుకున్నాను. అప్పుడు దాన్ని లెనిన్‌గ్రాడ్ అనేవారు. తిరిగి వచ్చాక ముప్పై ఏళ్లు రష్యన్ భాష బోధించాను. ఈ కోడళ్ల ఉత్తరాలు, డైరీలు చదవడం మొదట భాష కోసమే మొదలైంది, తర్వాత వదలలేకపోయాను. అందుకే కాస్త పొడుగ్గానే రాస్తాను.

ముందుగా ఒక మాట. పరాయి దేశంలో పుట్టిన రాణి అన్నది రష్యాను ఏలిన రొమానొవ్ ఇంట్లో వింత కాదు, అదే రివాజు. రష్యాలో పుట్టి జార్‌కు, అంటే రష్యా చక్రవర్తికి, పట్టపురాణి అయిన చివరి మనిషి పీటర్ ది గ్రేట్ మొదటి భార్య యెవ్దొకియా లొపుహినా. ఆ పెళ్లి 1689లో జరిగింది. ఆమెను ఆయన మఠానికి పంపి, తర్వాత బాల్టిక్ తీరంలోని లివోనియాకు చెందిన ఒక రైతు కుటుంబపు అమ్మాయిని పెళ్లాడాడు. 1702లో మరియెన్‌బర్గ్ పట్టణం రష్యన్ సైన్యానికి లొంగినప్పుడు చిక్కిన ఆ మార్తా స్కవ్రోన్‌స్కయానే 1725లో మొదటి కేథరిన్‌గా సింహాసనం ఎక్కింది. ఆ తర్వాత పాల్ నుంచి రెండో నికొలాయ్ దాకా వచ్చిన ఆరుగురు జార్‌ల పట్టపురాణుల్లో ఐదుగురు జర్మన్ రాజ్యాల ఆడపడుచులు, ఒకరు డెన్మార్క్ అమ్మాయి. ఇన్ని తరాలు అలా గడిచాక, నికొలాయ్ ఒంట్లో రష్యన్ రక్తం పాలు ఎంతని లెక్క తీస్తే ఆశ్చర్యపోతారు. భార్యను జర్మన్ అని తిట్టినవాళ్లకు భర్త వంశవృక్షం కనిపించలేదు.

జర్మనీయే ఎందుకంటే, పెళ్లి సంబంధం చూసేటప్పుడు రెండు షరతులు ఉండేవి. అమ్మాయి పాలక వంశంలో పుట్టి ఉండాలి. సింహాసనానికి వారసుడైన వాడిని చేసుకోవాలంటే ఆర్థడాక్స్ మతం పుచ్చుకోవాలి. సమానం కాని పెళ్లికి పుట్టిన పిల్లలకు గద్దె మీద హక్కు లేదని 1820లో మొదటి అలెక్సాండర్ చట్టమే చేశాడు. కేథలిక్ రాజులు కూతురి మతం మార్చడానికి ఒప్పుకునేవారు కాదు. మిగిలింది ప్రొటెస్టెంట్ రాజ్యాలు. అవి జర్మన్ నేల మీద బోలెడు. ఆస్తి తక్కువ, వంశం పాతది, ఆడపిల్లలు ఎక్కువ. మన పల్లెటూళ్లలో ఒకే ఊరి నుంచి వరుసగా పిల్లను తెచ్చుకునే ఇళ్లు ఉన్నట్టు, హెస్సె-డార్మ్‌స్టాట్ అనే ఒక్క చిన్న సంస్థానం నుంచే నలుగురు ఆడపిల్లలు రొమానొవ్ ఇంటి కోడళ్లయ్యారు.

మతంతో పాటు పేరూ మారేది. మీరు గమనించే ఉంటారు, ఇద్దరు మరియా ఫ్యోదరొవ్నాలు, ఇద్దరు అలెక్సాండ్రా ఫ్యోదరొవ్నాలు. ఏ ఒక్కరి తండ్రి పేరూ ఫ్యోదర్ కాదు. రొమానొవ్‌ల కులదైవం లాంటి ఫ్యోదరొవ్‌స్కయా మేరీమాత చిత్రపటం పేరును వాళ్లకు తండ్రి పేరు స్థానంలో పెట్టారు. కన్నతండ్రి పేరు కూడా గుమ్మం బయటే ఆగిపోయిందన్నమాట. ఈ ఒక్క సంగతి తెలిసిన రోజు నాకు చాలాసేపు పుస్తకం ముందుకు సాగలేదు.

ఇక మీరు విన్న ఆ గొప్ప కేథరిన్, అంటే రెండో కేథరిన్ సంగతి. ఆమె పుట్టినప్పటి పేరు సోఫీ. 1729లో ష్టెటిన్‌లో పుట్టింది. ఆ ఊరు ఇప్పుడు పోలండ్‌లో ఉంది. తండ్రి అన్‌హల్ట్-జెర్బ్‌స్ట్ అనే చిన్న సంస్థానపు రాజు, ప్రష్యా సైన్యంలో సేనాధిపతి. 1744లో పద్నాలుగేళ్ల పిల్ల తల్లి వెంట రష్యా వచ్చింది. మూడు నాలుగు గౌన్లు, డజను లోపలి చొక్కాలు తెచ్చుకున్నానని తర్వాత ఆమే రాసుకుంది. తండ్రిని రమ్మనలేదు. వీలైతే మన ప్రొటెస్టెంట్ లూథరన్‌గానే ఉండు అని ఆయన కాగితం మీద రాసిచ్చి పంపాడు.

వచ్చిన కొద్ది వారాలకే జబ్బుపడింది. రాత్రులు లేచి చల్లటి నేల మీద చెప్పుల్లేకుండా తిరుగుతూ రష్యన్ పాఠాలు వల్లెవేసింది, అదే ఊపిరితిత్తులకు పట్టింది. వైద్యులు ఇరవై ఏడు రోజుల్లో పదహారు సార్లు రక్తం తీశారు. బతకదేమో అనుకున్న సమయంలో తల్లి లూథరన్ మతగురువును పిలిపిస్తానంది. ఆ పిల్ల వద్దని, తనకు మతం బోధిస్తున్న ఆర్థడాక్స్ గురువు సిమియోన్ తొదోర్‌స్కీని పిలవమంది. ఆ ఒక్క మాట ఊరంతా పాకింది. అదే మంచం దగ్గర ఇంకో సంగతి జరిగింది. బయలుదేరేటప్పుడు తండ్రి సోదరుడు ఆమెకు నీలం, వెండి రంగులు కలిసిన పట్టు బట్ట ఒకటి ఇచ్చాడు. తల్లికి దాని మీద కన్నుపడి, జ్వరంతో పడి ఉన్న కూతురిని అది ఇమ్మని అడిగింది. ఆమె ఇచ్చేసింది. ఆ సంగతి అప్పుడు రష్యాను ఏలుతున్న ఎలిజబెత్ మహారాణి దాకా వెళ్లి, ఆవిడ అంతకంటే మంచి బట్టలు పంపింది. పుట్టింటి మనిషి చేసిన పని వల్ల మెట్టినింట ఆ పిల్ల మీద జాలి, ప్రేమ పెరిగాయి.

1745లో మహారాణి వారసుడు పీటర్‌తో పెళ్లయింది. రాజకీయాల్లో వేలు పెట్టినందుకు ఆ ఏడాదే తల్లిని వెనక్కి పంపేశారు. తల్లీకూతుళ్లు మళ్లీ కలుసుకోలేదు. ఆ తర్వాత కూతురు ఇంటికి సొంతంగా ఉత్తరం రాయడానికి కూడా వీల్లేకపోయింది. విదేశాంగ శాఖ వాళ్లు రాసి తెస్తే కింద సంతకం పెట్టడమే. 1747లో తండ్రి పోయాడు. ఎనిమిది రోజులు ఏడిచాక, "ఇక చాలు, మీ నాన్న రాజేమీ కాదు కదా" అని మహారాణి కబురు పంపింది. రాజు కాకపోయినా నాకు తండ్రి అని ఆమె జవాబిచ్చింది.

1754లో కొడుకు పాల్ పుట్టగానే మంత్రసాని వెంట బిడ్డను మహారాణి గదికి తీసుకుపోయారు. పురుడు పోసుకున్న ఆ పరుపు మీదే ఆమెను గంటల తరబడి వదిలేశారు. దాహమని అడిగితే నీళ్లిచ్చిన వాళ్లు లేరు. నలభై రోజుల దాకా బిడ్డను కళ్లారా చూడనివ్వలేదు. మీరు డాక్టర్ కాబోతున్నారు, బాలింతను చలిగాలి కొట్టే తలుపుల మధ్య అలా వదిలేయడం అంటే ఏమిటో నేను చెప్పనక్కర్లేదు. 1762లో ఆమె భర్తను దించి గద్దెనెక్కే నాటికి రష్యాలో పద్దెనిమిదేళ్లు గడిచాయి. ఆ పద్దెనిమిదేళ్లలో ఆమె భాష నేర్చింది, చదివింది, సైన్యంలో, దర్బారులో మనుషులను సంపాదించింది. నిజమే, భర్త కొద్ది రోజులకే రోప్షాలో కాపలా మధ్య ప్రాణం పోగొట్టుకున్నాడు. ఆ మచ్చ ఆమె మీద ఉంది.

ఇంత పడిన మనిషి తను అత్తగారయ్యాక ఏం చేసిందో చూడండి. పాల్‌ను పెళ్లాడి 1776లో వచ్చిన వుర్టెంబర్గ్ అమ్మాయి, మొదటి మరియా ఫ్యోదరొవ్నా, యాదృచ్ఛికంగా అదే ష్టెటిన్‌లో పుట్టింది. ఆమె మొదటి ఇద్దరు కొడుకులను, 1777లో అలెక్సాండర్‌ను, 1779లో కాన్‌స్టంటీన్‌ను, కేథరిన్ తన దగ్గరకు తీసేసుకుంది. చరిత్రలో కేథరిన్‌ను నేను చాలా విషయాల్లో గౌరవిస్తాను. ఈ ఒక్కచోట ఆమెను క్షమించడం నాకు చేతకాలేదు. ఆ మరియా మాత్రం పదిమంది పిల్లల తల్లి, ఇద్దరు జార్‌ల తల్లి. 1801లో భర్తను అతని పడగ్గదిలోనే చంపేశారు. ఆ తర్వాత ఇరవై ఏడేళ్లు అనాథాశ్రమాలు, ఆడపిల్లల బడులు, ఆసుపత్రులు నడిపింది. ఆమె పేరుతో ఏర్పడిన ధర్మసంస్థల శాఖ 1917 దాకా పనిచేసింది. రష్యా వెలుపల ఆమె పేరు ఎవరికీ తెలియదు, అది నాకు బాధ.

తర్వాతి ముగ్గురి గురించి క్లుప్తంగా చెబుతాను. బాడెన్ నుంచి పదమూడేళ్లకు వచ్చిన ఎలిజబెత్ మొదటి అలెక్సాండర్ భార్య, తన ఇద్దరు కూతుళ్లనూ పసితనంలోనే పోగొట్టుకుంది. ప్రష్యా రాజకుమారి షార్లెట్ మొదటి నికొలాయ్ భార్య. కవి జుకోవ్‌స్కీ ఆమెకు రష్యన్ నేర్పాడు. 1825 డిసెంబరులో భర్త గద్దెనెక్కిన రోజునే సైనికులు తిరగబడ్డారు, ఆ భయానికి వచ్చిన తల వణుకు ఆమెను జీవితాంతం వదల్లేదు. ఇక హెస్సె నుంచి వచ్చిన మరియా అలెక్సాండ్రొవ్నా, రెండో అలెక్సాండర్ భార్య. మరీన్‌స్కీ థియేటర్ ఆమె పేరు మీదే ఉంది. ఎనిమిదిమంది పిల్లలను కన్నది, క్షయ పట్టింది, పెద్ద కొడుకు పోయాడు, భర్త ఇంకొక స్త్రీతో కుటుంబం పెట్టుకున్నాడు. ఈమె పెద్ద కొడుకు చావుతోనే మన కథలో డెన్మార్క్ అమ్మాయి ప్రవేశిస్తుంది.

ఆ అమ్మాయి డగ్మార్. 1847లో కోపెన్‌హేగన్‌లో పుట్టింది. తండ్రి అప్పటికి రాజు కాదు, సైన్యంలో అధికారి. ఇంటికి ఎల్లో ప్యాలెస్ అని పేరే గాని, అక్కచెల్లెళ్లు తమ బట్టలు తామే కుట్టుకునేవారు. 1863లో ఆ ఇంటి తలరాత ఒక్కసారిగా మారింది. అక్క అలెక్సాండ్రా ఇంగ్లండ్ యువరాజును పెళ్లాడింది, ఒక సోదరుడు గ్రీసుకు రాజయ్యాడు, తండ్రి డెన్మార్క్ రాజయ్యాడు. మరుసటి ఏడాదే ప్రష్యా, ఆస్ట్రియా కలిసి డెన్మార్క్ మీద యుద్ధం చేసి ష్లెస్విగ్, హోల్‌స్టైన్‌లను లాగేసుకున్నాయి. ఆ గాయం డగ్మార్ మనసులో మానలేదు. ప్రష్యా అంటే ఆమెకు చచ్చేదాకా గిట్టలేదు.

1864లో రష్యా యువరాజు నికొలాయ్‌తో నిశ్చితార్థం జరిగింది. ఇద్దరికీ ఒకరంటే ఒకరికి నిజంగా ఇష్టం. ఏడాది తిరక్కుండానే అతను నీస్ నగరంలో మెదడుకు పాకిన క్షయతో మంచం పట్టాడు. ఆమె తల్లితో కలిసి రైలెక్కి చేరుకునేసరికి చివరి ఘడియలు. మంచానికి ఒక పక్క ఆమె, ఇంకో పక్క అతని తమ్ముడు అలెక్సాండర్. చనిపోయేవాడు ఇద్దరి చేతులూ కలిపాడని చెబుతారు. అది జరిగిందో లేదో గాని, 1866లో ఆమె ఆ తమ్ముడినే పెళ్లాడి మరియా ఫ్యోదరొవ్నా అయింది. ఓడ ఎక్కే రోజున కోపెన్‌హేగన్ రేవులో జనం మధ్య హాన్స్ క్రిస్టియన్ ఆండర్సన్ ఉన్నాడు. చిన్నప్పటి నుంచి తెలిసిన మనిషి కనబడి ఆమె ఆగి చేయి అందించింది. తనకు కళ్లనీళ్లు వచ్చాయని ఆయన డైరీలో రాసుకున్నాడు.

మామగారు బాంబుదాడిలో చనిపోయి భర్త జార్ అయ్యేనాటికి, అంటే 1881కి, ఆమె రష్యాలో పదిహేనేళ్లు కాపురం చేసింది. నాట్యాలు ఆడింది, అందరి పేర్లూ గుర్తుపెట్టుకుంది, రెడ్ క్రాస్ పని చూసింది, పిల్లలను కన్నది. పొట్టి మనిషి, పక్కన నిలబడిన భర్త కొండంత మనిషి. జనం ఆమెను తమ మనిషి అనుకున్నారు. మాటలో డేనిష్ యాస పోలేదు, ఎవరికీ అది తప్పుగా తోచలేదు.

ఇప్పుడు అలిక్స్ దగ్గరకు, అంటే మీరు విన్న చివరి రాణి అలెక్సాండ్రా దగ్గరకు రండి. డార్మ్‌స్టాట్‌లో 1872లో పుట్టింది. తల్లి ఆలిస్, విక్టోరియా మహారాణి కూతురు. మూడేళ్లు నిండని అన్న కిటికీలోంచి పడి, నెత్తురు ఆగక చనిపోయాడు. అది హీమోఫీలియా. ఆరేళ్లప్పుడు ఇంట్లో డిఫ్తీరియా సోకి చిన్న చెల్లెలు, ఆ వెంటనే తల్లి పోయారు. అంతవరకు చలాకీగా ఉన్న పిల్ల ఆ తర్వాత ముడుచుకుపోయింది. అమ్మమ్మ పెంపకంలో ఇంగ్లిష్ పిల్లలా పెరిగింది. ఆమె, తర్వాత ఆమె భర్త అయిన డగ్మార్ పెద్దకొడుకు రెండో నికొలాయ్ జీవితాంతం ఒకరికొకరు రాసుకున్నవి ఇంగ్లిష్ ఉత్తరాలే. జర్మన్ గూఢచారి అని ఆమెను తిట్టినవాళ్లకు ఇది తెలియదు.

మతం మారడం ఇష్టంలేక ఆమె ఏళ్ల తరబడి ఈ సంబంధానికి ఒప్పుకోలేదు. చివరికి 1894 వసంతంలో కోబర్గ్‌లో అన్న పెళ్లికి వచ్చిన నికొలాయ్‌కి సరేనంది. ఆ శరదృతువులో కాబోయే మామగారికి జబ్బు ముదిరిందని క్రిమియాలోని లివాదియాకు పిలిపించారు. ఆమె వచ్చిన పదో రోజున ఆయన కన్నుమూశాడు. మర్నాడే ఆమె మతం పుచ్చుకుంది. పీటర్స్‌బర్గ్‌లో శవయాత్ర బళ్ల వరుసలో ముసుగు వేసుకుని కూర్చున్న ఆ అమ్మాయిని చూసి, "శవపేటిక వెనకాల మన ఇంటికి వచ్చింది" అని జనం గుసగుసలాడారు. అంత్యక్రియలు జరిగిన వారానికి, అత్తగారి పుట్టినరోజున, పెళ్లి చేశారు.

అమ్మా, మీ ప్రశ్నకు నా జవాబు ఇక్కడ ఉంది. వీళ్ల పెళ్లిళ్ల సంవత్సరాలు, గద్దెనెక్కిన సంవత్సరాలు పక్కపక్కన పెట్టి చూడండి. కేథరిన్‌కు పెళ్లి తర్వాత పదిహేడేళ్లు దొరికాయి. పాల్ భార్యకు ఇరవై, ఎలిజబెత్‌కు, షార్లెట్‌కు ఎనిమిదేసి, మరియా అలెక్సాండ్రొవ్నాకు పద్నాలుగు, డగ్మార్‌కు పదిహేను. అలిక్స్‌కు ఒక్క రోజు కూడా లేదు. మిగిలిన వాళ్లందరూ మొదట కోడళ్లయ్యారు, తర్వాత రాణులయ్యారు. ఈమె తాళి కట్టిన క్షణాన్నే రాణి. భాష రాదు, మనుషులు తెలియరు, సిగ్గరి. నలుగురిలో మెడ మీద ఎర్రటి మచ్చలు లేచేవి. అది భయమని ఎవరూ అనుకోలేదు, పొగరు అనుకున్నారు.

దానికి తోడు, రష్యా దర్బారులో రాజమాతకు రాణి కంటే ముందు స్థానం. ఊరేగింపులో కొడుకు చేయి పట్టుకుని అత్తగారు ముందు నడిచేది, కోడలు వెనక. ఖజానా నగలు ఇవ్వడం దగ్గర కూడా ఇద్దరికీ మాట పట్టింపు వచ్చింది. డగ్మార్ చెడ్డది కాదు. నలభై ఆరేళ్లకే భర్త పోయిన మనిషి, వెలుగులో బతకడం అలవాటైన మనిషి. ఈ ఇద్దరి మధ్య ఎవరైనా పెద్దమనిషి ఉండి సర్దిచెప్పి ఉంటే బాగుండేదని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది. 1896 మేలో పట్టాభిషేకం బహుమతుల కోసం హోదింకా మైదానంలో జరిగిన తొక్కిసలాటలో, అధికారిక లెక్కల్లోనే, 1,389 మంది చనిపోయారు. ఆ సాయంత్రం జార్ దంపతులు ఫ్రెంచ్ రాయబారి విందుకు వెళ్లారు. జనం అది మరచిపోలేదు.

ఆ తర్వాత వరసగా నలుగురు ఆడపిల్లలు, 1904లో అలెక్సీ. పుట్టిన కొద్ది వారాలకే బొడ్డు నుంచి నెత్తురు కారింది. చిన్నప్పుడు అన్నను తీసుకుపోయిన జబ్బు తన ద్వారానే కొడుక్కి వచ్చిందని ఆ తల్లికి అర్థమైంది. రాజకుటుంబం దాన్ని రహస్యంగా ఉంచింది. రాణి ఎందుకు బయటకు రాదు, ప్రార్థనతో బిడ్డ జబ్బు తగ్గిస్తాడని నమ్మిన ఆ సాధువు రస్పూతిన్‌ను ఎందుకు దగ్గరకు తీసింది అన్నవి ప్రజలకు తెలియనివ్వలేదు. ఆ ఖాళీలో పుకార్లు నిండాయి. ఆమె తప్పులు చిన్నవేమీ కావు. 1915, 16లలో మంత్రులను మార్చమని భర్త మీద ఆమె తెచ్చిన ఒత్తిడి దేశానికి నిజంగా చేటు చేసింది. సొంత అక్క ఎల్లా వచ్చి రస్పూతిన్ గురించి హెచ్చరిస్తే మాట వినకుండా పంపేసింది. అక్కచెల్లెళ్లకు అదే ఆఖరి చూపు.

కానీ ద్రోహం మాట అబద్ధం. 1917లో జార్‌ను దించాక వచ్చిన తాత్కాలిక ప్రభుత్వం వేసిన విచారణ సంఘం వెతికినా ఆధారం దొరకలేదు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఆమె, పెద్ద కూతుళ్లిద్దరూ నర్సుల శిక్షణ తీసుకుని మీరు చూసొచ్చిన ఆ త్సార్‌స్కొయె సెలొలోనే సైనికుల గాయాలకు కట్లు కట్టారు. బంధుత్వాలు మన వరసల్లో చెబితే ఆమె బాధ తేలిగ్గా అర్థమవుతుంది. యుద్ధానికి దిగిన జర్మనీ చక్రవర్తి కైజర్ విల్‌హెల్మ్ ఆమెకు పెద్దమ్మ కొడుకు, అన్న వరస. సొంత అన్న ఎర్నెస్ట్ కూడా శత్రు పక్షమే. ఇంగ్లండ్ రాజు జార్జి ఆమెకు మేనమామ కొడుకు, బావ. ఆ జార్జి, నికొలాయ్ అక్కచెల్లెళ్ల బిడ్డలు. పక్కపక్కన నిలబడితే కవలల్లా ఉండేవారు. 1917లో వీళ్లకు ఆశ్రయం ఇస్తామన్న మాటను వెనక్కి తీసుకోవడంలో ఆ జార్జిదే ముఖ్యపాత్ర. తన గద్దెకు ముప్పు అని భయపడ్డాడు. 1918 జూలై 17న యెకతెరీన్‌బర్గ్‌లో బోల్షెవిక్ విప్లవకారులు కుటుంబం మొత్తాన్ని కాల్చి చంపారు. ఎప్పటికైనా పనికొస్తాయని ఆడపిల్లలు లోపలి రవికల్లో నగలు కుట్టుకున్నారు. తూటాలు వాటికి తగిలి జారడం వల్ల వాళ్ల చావు ఇంకా ఆలస్యమైంది.

అదే జార్జి 1919 ఏప్రిల్‌లో మార్ల్‌బరో అనే యుద్ధనౌకను క్రిమియాకు పంపాడు. ఎక్కింది ఎవరనుకున్నారు, పిన్ని డగ్మార్. చెల్లెలిని కాపాడమని జార్జి తల్లి, డగ్మార్ అక్క అలెక్సాండ్రా పట్టుబట్టింది మరి. పుట్టిల్లు ఒకరికి ఓడ పంపింది, ఇంకొకరికి నిందగా మిగిలింది. డగ్మార్ కోపెన్‌హేగన్ చేరి, అక్కతో కలిసి ఏనాడో కొనుక్కున్న హ్విదోరె ఇంట్లో 1928లో చనిపోయింది. నలుగురు కొడుకుల్లో ఎవరూ మిగల్లేదు. పెద్దకొడుకు, కడగొట్టు కొడుకు చనిపోయారని ఆమె చివరిదాకా ఒప్పుకోలేదు, వాళ్ల ఆత్మశాంతికి ప్రార్థన చేయనివ్వలేదు.

ఈసారి సెలవు దొరికితే పీటర్ అండ్ పాల్ కోటలోని చర్చికి వెళ్లి రండి. నేను విద్యార్థిగా ఉన్నప్పుడు అక్కడ డగ్మార్, అలిక్స్ ఇద్దరూ లేరు. తెల్లటి పాలరాతి సమాధుల మధ్య రెండు మాత్రం రంగు రాళ్లవి, ఒకటి ఆకుపచ్చ, ఒకటి గులాబీ. ఆ గులాబీ రంగుది మరియా అలెక్సాండ్రొవ్నాది. లోపలికి వెళ్లే దారిలోని చిన్న గదిలో 1998 నుంచి నికొలాయ్, అలెక్సాండ్రా, ముగ్గురు కూతుళ్లు ఉన్నారు. 2007లో దొరికిన మరియా, అలెక్సీల ఎముకలను ఇంకా అక్కడికి చేర్చలేదు. పెద్ద హాలులో భర్త మూడో అలెక్సాండర్ పక్కన డగ్మార్ ఉంటుంది. 2006 సెప్టెంబరులో డెన్మార్క్ నుంచి ఓడ మీద తీసుకొచ్చారు. మొదటిసారి కోడలిగా ఆమె రష్యాలో దిగిన సెప్టెంబరుకు అప్పటికి సరిగ్గా నూట నలభై ఏళ్లు.